మేం రాసిన తేదీకి కట్టిన జాతకం

మా బడి అడ్మిషన్ రిజిస్టరులో 2011 జూన్ పేజీ ఒకటి ఉంది. ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లల పేర్లు, తండ్రుల పేర్లు, గూడల పేర్లు వరసగా ఉంటాయి. పుట్టిన తేదీ గడిలో మాత్రం పై నుంచి కిందికి సగానికి పైగా ఒకటే తేదీ: 01-06-2006. నాలుగు గూడల్లో ఇంతమంది తల్లులు ఒకే గురువారం నాడు ప్రసవించారని సర్కారు కాగితం సాక్ష్యం చెబుతోంది. ఆ సాక్ష్యం రాసింది మేమే.

సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో పనిచేసిన ఏ మాస్టారిని అడిగినా ఇదే కథ చెబుతారు. జూన్‌లో బడి తెరుస్తాం. గూడల్లో తిరిగి పిల్లల్ని పోగు చేస్తాం. తల్లో, తాతో పిల్లవాడి చెయ్యి పట్టుకుని వస్తారు. ఎప్పుడు పుట్టాడమ్మా అని అడిగితే "కంది కోతలకి పుట్టినాడు బాబూ" అంటుంది ఒకామె. "పెద్దవాన కురిసి గెడ్డ పొంగినప్పుడు" అంటుంది ఇంకొకామె. ఆ జవాబుల్లో అబద్ధం లేదు. కానీ మా గడిలో పట్టవు. గడికి రోజు కావాలి, నెల కావాలి, సంవత్సరం కావాలి. పిల్లవాడి కుడి చెయ్యి తల మీదుగా వేయించి ఎడమ చెవి అందిందో లేదో చూస్తాం. అందితే ఐదేళ్లు నిండినట్టే. ఐదేళ్లు వెనక్కి లెక్కపెట్టి జూన్ 1 అని రాసేస్తాం. ఆ పూట ఆ పని చెయ్యకపోతే పిల్లవాడు బడి బయటే ఉండిపోతాడు. కాబట్టి రాసినందుకు సిగ్గుపడడం లేదు. ఆ తర్వాత దానికి ఏం పట్టిందో చూసి సిగ్గుపడుతున్నాం.

ఆ పేజీలోని ఒక సవర అమ్మాయి ఇంటర్ అయ్యింది. పెళ్లి సంబంధం వచ్చింది. వచ్చినవాళ్లు మనవాళ్లే. అబ్బాయికి ఉద్యోగం ఉంది, కుటుంబం మైదానంలో ఇల్లు కట్టుకుంది. పిల్ల నచ్చింది, మాట అయ్యింది. ఆ తర్వాత వాళ్లు అమ్మాయి టెన్త్ మార్కుల లిస్టు జిరాక్స్ అడిగి పట్టుకెళ్లారు. చదువు చూసుకోడానికి అనుకున్నారు ఇక్కడివాళ్లు. అది పట్నంలో ఒక జ్యోతిష్యుడి బల్ల మీదికి వెళ్లింది. అందులో పుట్టిన తేదీ ఉంటుంది కదా. ఆయన చూసి, జన్మరాశిలోనే కుజుడున్నాడు, పక్కనే శని కూడా ఉన్నాడు, ఈ పిల్లను చేసుకుంటే అబ్బాయి ప్రాణానికి మంచిది కాదు అన్నాడట. సంబంధం పోయింది. ఆ తల్లి మా దగ్గరికి వచ్చి అడిగిన మాట ఇంకా చెవిలో ఉంది. "మాస్టారూ, దోసం అంతన్నారు. దోసం అంటే ఏటి? ఏ ఆస్పత్రికి తీసికెల్లాల?"

ఈ వ్యాసం ఆ తల్లికి ఇవ్వవలసిన జవాబు. ఆమె చదవలేదు. చదివే మీకు చెబుతున్నాం, తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, తోటి మాస్టార్లూ.

తెలియకుండా తిట్టడం మన పద్ధతి కాదు కనుక ముందు ఆ లెక్క ఏమిటో చూద్దాం. చంద్రుడు భూమి చుట్టూ తిరిగి అదే చుక్క దగ్గరికి రావడానికి సుమారు 27 రోజుల 8 గంటలు పడుతుంది. ఆ దారిని 27 ముక్కలు చేసి అశ్వని నుంచి రేవతి దాకా నక్షత్రాలని పేర్లు పెట్టారు. అంటే రోజుకి సుమారు ఒక నక్షత్రం. అదే దారిని 12 ముక్కలు చేసి మేషం నుంచి మీనం దాకా రాశులన్నారు. ఒక్కో రాశికి రెండుంబావు నక్షత్రాలు. చంద్రుడు ఒక్కో రాశిలో రెండుంబావు రోజులు ఉంటాడు. నువ్వు పుట్టిన వేళకి చంద్రుడు ఏ రాశిలో ఉంటే అది నీ జన్మరాశి. పేపర్లో, టీవీలో, ఫోన్‌లో పొద్దున్నే చెప్పే రాశిఫలాలకి ఆధారం ఇదే. పడమటి దేశాలవాళ్లు సూర్యుణ్ణి చూస్తారు, మన దేశంలో చంద్రుణ్ణి చూస్తారు. చంద్రుడున్న నక్షత్రాన్ని బట్టే దశలు మొదలవుతాయి. కేతువుకి 7 ఏళ్లు, శుక్రుడికి 20, శనికి 19 అంటూ తొమ్మిది గ్రహాలకీ కలిపి 120 ఏళ్లు పంచారు. ఇక లగ్నం ఉంది. అది సుమారు రెండు గంటలకొకసారి మారుతుంది. కాబట్టి జాతకం కట్టాలంటే పుట్టిన తేదీ చాలదు, గంట, నిమిషం, ఊరు కూడా కావాలి.

ఇందులో గణితం ఉంది. అది అబద్ధం కాదు. గ్రహణం ఏ రోజు పడుతుందో, పౌర్ణమి ఏ గంటకి నిండుతుందో పంచాంగం చెబితే జరుగుతుంది. చంద్రుడు ఎక్కడ ఉన్నాడన్నది లెక్క. అక్కడ ఉన్నాడు కాబట్టి నీ మొగుడు చస్తాడన్నది లెక్క కాదు. మొదటిది నిజమవడం చూసి రెండోదాన్ని నమ్మేస్తున్నాం. సంతలో బరువు సరిగ్గా తూచిన షావుకారి ధర కూడా సరైనదేనని నమ్మినట్టుంది ఇది. చింతపండు అమ్ముకున్న మనకి ఆ తేడా ఒకరు చెప్పాలా?

ఇప్పుడు మేం రాసిన తేదీ దగ్గరికి వద్దాం. 2006 జూన్ 1న చంద్రుడు రోజంతా కర్కాటకంలోనే ఉన్నాడు. కుజుడు కూడా కర్కాటకంలో ఉన్నాడు. శని కూడా అక్కడే. ఆ జ్యోతిష్యుడు లెక్క తప్పు చెయ్యలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. ఆయనకిచ్చిన తేదీ అబద్ధం. అది అమ్మాయి పుట్టిన రోజు కాదు, మాకు తోచిన రోజు. ఆ లెక్కన మా రిజిస్టరు పేజీలో సగం పిల్లలకి కుజదోషమే. వాళ్లలో ఒకడు ఆర్మీలో చేరాడు, ఒకమ్మాయి నర్సింగ్ చదువుతోంది, ఒకడు జీడితోట చూసుకుంటున్నాడు, ఇద్దరు చెన్నై పనికి వలస పోయారు. ఒకే తేదీ, ఒకే రాశి, ఒకే దోషం. బతుకులు మాత్రం దేనికవే. ఆ ఏడు జూన్ 10 అని రాయాలని బుద్ధి పుట్టి ఉంటే ఆ అమ్మాయి రాశి వేరు, ఫలితం వేరు.

తేదీ తెలియనివాళ్లకి ఇంకో దారి చెబుతారు. పేరులో మొదటి అక్షరాన్ని బట్టి నక్షత్రం. చూ, చే, చో, లా అయితే అశ్వని. మా, మీ, మూ, మే అయితే మఖ. మన పేర్ల సంగతి చూడండి. మన తాతలు చాలామందికి పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టారు. సోమవారం పుడితే సోమయ్య, మంగళవారం పుడితే మంగన్న, గురువారం పుడితే గురువులు. నామనక్షత్రం ప్రకారం సోమయ్యలందరిదీ పూర్వాభాద్ర, కుంభరాశి. మంగన్నలందరిదీ మఖ, సింహరాశి. గురువులందరిదీ ధనిష్ఠ, మళ్లీ కుంభం. కొండ మీద సోమవారం పుట్టిన ప్రతివాడి తలరాతా ఒకటే అన్నమాట. సవరల్లో చనిపోయిన పెద్దల పేరు పిల్లలకి పెట్టే ఆచారం ఉంది. అలా పెట్టిన పేరుతో తాత రాశి కూడా మనవడికి దిగుతుందేమో చెప్పాలి. పైగా బళ్లో చేరేటప్పుడు ఆ పేర్లను మేమే దిద్దాం. నోరు తిరగలేదనో, నాగరికంగా లేదనో ఇంట్లో పేరు తీసేసి రాజేష్ అనో శాంతి అనో రాశాం. తేదీ మాదే, పేరు మాదే. వాటి మీద కట్టిన జాతకం మాత్రం బ్రహ్మ రాసినదట!

పెళ్లి పొంతన అనే మాట ఈ మధ్య మన గూడల్లోనూ వినిపిస్తోంది. 36 మార్కుల పరీక్ష అది. 18 రాకపోతే ఫెయిల్. ఎనిమిది కూటములు ఉంటాయి. నాడికి 8, రాశికి 7, గణానికి 6, గ్రహమైత్రికి 5, యోనికి 4, తారకి 3, వశ్యానికి 2, వర్ణానికి 1. ఆ చివరి ఒక్క మార్కు చూడండి. కర్కాటకం, వృశ్చికం, మీనం బ్రాహ్మణ వర్ణం. మేషం, సింహం, ధనుస్సు క్షత్రియ. వృషభం, కన్య, మకరం వైశ్య. మిథునం, తుల, కుంభం శూద్ర. పెళ్లికొడుకు వర్ణం పెళ్లికూతురి వర్ణానికి సమానంగానో, పైనో ఉండాలి. ఆకాశాన్ని కూడా నాలుగు వర్ణాలుగా పంచేశారు. సవర ఎక్కడ? జాతాపు ఎక్కడ? గదబ, కొండదొర ఎక్కడ? ఆ పన్నెండు గదుల్లో మనకి గది కట్టలేదు. గణం అనే కూటమిలో దేవ, మనుష్య, రాక్షస అని మూడుంటాయి. పురాణాల్లో అడవిలో ఉండేవాళ్లని ఏ పేరుతో పిలిచారో మీకు తెలుసు. ఆ పేరుతోనే ఇక్కడా కొందరు పిల్లల్ని పక్కన పెడుతున్నారు.

నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. జూన్ 1 అని రాయడంతో మా సవర పిల్లలందరూ కర్కాటక రాశి, అంటే బ్రాహ్మణ వర్ణం అయ్యారు. వారం ఆగి జూన్ 8 అని రాసి ఉంటే తులారాశి, శూద్ర వర్ణం. ఇంత సులువుగా కులం మార్చగల పెన్ను మా చేతిలో ఉందని మాకే తెలియలేదు. అయితే ఆ బ్రాహ్మణ వర్ణం వల్ల మా అమ్మాయికి వచ్చిన లాభం ఏమీ లేదు. దోషం మాత్రం వచ్చింది.

"వేదాల నుంచి వచ్చిన శాస్త్రం, దాన్ని తప్పంటారా" అని చదువుకున్న మనవాళ్లే అడుగుతున్నారు. వేదకాలపు వాళ్లకి 27 నక్షత్రాలు తెలుసు. యజ్ఞాలకి రోజులు లెక్కపెట్టుకోడానికి వేదాంగ జ్యోతిషం రాసుకున్నారు. అందులో మేషం లేదు, మీనం లేదు, నీ పెళ్లి ఎప్పుడన్నది లేదు. పన్నెండు రాశులు బాబిలోన్ నుంచి గ్రీకుల మీదుగా వచ్చాయి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడి బృహజ్జాతకంలో మేషానికి క్రియ, వృషభానికి తావురి అన్న పేర్లున్నాయి. అవి గ్రీకు మాటలు. హోర, కేంద్రం కూడా అక్కడివే. వేరే దేశం నుంచి వస్తే తప్పని మేం అనడం లేదు. అటు నుంచి వచ్చిన లెక్కని, ఇక్కడి వర్ణంతో కలిపి, వేదం అని పేరు పెట్టి మన దగ్గరికి తెచ్చి, మీకు సంస్కృతి లేదు, ఇదిగో సంస్కృతి అంటుంటే ఎందుకు తలదించుకోవాలి అని అడుగుతున్నాం.

ఇంకో పరీక్ష బడి ఆవరణలోనే చెయ్యొచ్చు. మేం పిల్లలతో చేయించాం. ఎండ పడే చోట ఒక కర్ర నిటారుగా పాతి, మధ్యాహ్నం అన్నింటికన్నా పొట్టిగా ఉన్న నీడని డిసెంబరు నుంచి జనవరి దాకా రోజూ గీత గీసి పెట్టాలి. డిసెంబరు 22 ప్రాంతంలో ఆ మధ్యాహ్నపు నీడ అన్నింటికన్నా పొడుగ్గా ఉంటుంది. తర్వాత తగ్గడం మొదలవుతుంది. అంటే సూర్యుడు ఉత్తరానికి తిరిగింది ఆ రోజున. పంచాంగం మాత్రం ఉత్తరాయణ పుణ్యకాలం జనవరి 14న అంటుంది. ఎప్పుడో 1,700 ఏళ్ల కిందట ఈ రెండూ ఒకే రోజున పడేవి. భూమి ఇరుసు మెల్లగా తిరగడం వల్ల ఇప్పుడు సుమారు 24 డిగ్రీల తేడా వచ్చింది. మేఘనాథ్ సాహా అధ్యక్షతన వేసిన పంచాంగ సంస్కరణ కమిటీ 1955లోనే ఈ సంగతి తేల్చి చెప్పింది. ఒక ఎనిమిదో తరగతి సవర పిల్ల కర్రతో పట్టుకున్న తప్పు అది. సంక్రాంతి చేసుకోవద్దని కాదు. కొత్త ధాన్యం వచ్చినప్పుడు పండగ చేసుకోవాలి. సూర్యుడు ఎప్పుడు తిరిగాడో మాత్రం నీడని అడగాలి.

శని సంగతికి వద్దాం. మన పిల్లలు ఫోన్‌లో ఎక్కువగా భయపడేది దీనికే. శని ఒక్కో రాశిలో సుమారు రెండున్నరేళ్లు ఉంటాడు. నీ రాశికి ముందు రాశిలో, నీ రాశిలో, తర్వాతి రాశిలో ఉన్నంత కాలం ఏలినాటి శని, మొత్తం ఏడున్నరేళ్లు. నాలుగో రాశిలో ఉంటే అర్ధాష్టమ శని. ఎనిమిదో రాశిలో ఉంటే అష్టమ శని. 2025 మార్చి చివర శని మీనంలోకి వచ్చాడు. దాంతో కుంభం, మీనం, మేషం వాళ్లకి ఏలినాటి శని, ధనుస్సుకి అర్ధాష్టమం, సింహానికి అష్టమం అన్నారు. పన్నెండింట్లో ఐదు. ఎప్పుడు లెక్కపెట్టినా ఐదే. అంటే మనుషుల్లో పదిమందికి నలుగురు ఎప్పుడూ శని కింద ఉన్నట్టే. కష్టం లేని ఇల్లు ఎక్కడుంది? ఆ నలుగురిలో ఎవరిని పిలిచి అడిగినా "అవునండీ, ఈ మధ్య బాగులేదు" అంటారు. మిగతా ఆరుగుర్ని అడిగినా అదే అంటారు, కానీ వాళ్లని ఎవరూ అడగరు.

ఇదంతా మా నోటి మాట అనుకోవద్దు. 2008లో ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ మహారాష్ట్రలో ఒక పరీక్ష పెట్టారు. బాగా చదివే పిల్లలు వందమంది, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలు వందమంది, రెండొందలమంది జాతకాలు కలిపేశారు. జ్యోతిష్యులకి ఒక్కొక్కరికి 40 చొప్పున ఇచ్చి, ఎవరు ఏ రకమో చెప్పమన్నారు. 27 మంది జవాబులు పంపారు. సరిపోయినవి 46 శాతం. రూపాయి బిళ్ల ఎగరేస్తే 50 వస్తుంది. అక్కడ పుట్టిన తేదీలూ వేళలూ తల్లిదండ్రుల దగ్గర సరిగ్గా తీసుకున్నవి, మా మాదిరి జూన్ 1లు కావు. సరైన తేదీతోనే అంత అయితే, మా తేదీతో ఎంత? ఆ పరీక్షలో సాయపడిన అంధశ్రద్ధా నిర్మూలన్ సమితి నాయకుడు నరేంద్ర దాభోల్కర్‌ని 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు.

2001లో యూజీసీ విశ్వవిద్యాలయాల్లో జ్యోతిర్విజ్ఞానం కోర్సు పెడతామంది. హైదరాబాద్ సీసీఎంబీని నిలబెట్టిన పుష్పమిత్ర భార్గవ కోర్టుకెళ్లారు. హైకోర్టులో ఓడారు, 2004లో సుప్రీంకోర్టులోనూ ఓడారు. "సుప్రీంకోర్టే ఒప్పుకుంది" అని ఇప్పుడు వాదిస్తారు. ఏ కోర్సు పెట్టాలన్నది చదువుల పెద్దలు తేల్చుకోవాలి, మేం జోక్యం చేసుకోం అన్నది కోర్టు. కుజదోషం నిజమని తీర్పు చెప్పలేదు. శాస్త్రీయ దృష్టి పెంచుకోవడం పౌరుడి విధి అని రాజ్యాంగం 51ఎ లో రాసి ఉంది. దాన్ని బళ్లో గోడ మీద అతికిస్తాం. ఆ గోడ కిందే కూర్చుని ఖాళీ పీరియడ్‌లో పేపరు తెరిచి రాశిఫలం చదివే మాస్టార్లున్నారు. పిల్లలు ఏది నేర్చుకుంటారు, గోడనా, మాస్టారినా?

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. మీకు దిసారి లేడా? జన్ని లేడా? ఎజ్జోడు లేడా? ఉన్నారు. దిసారి పండక్కి రోజు చెబుతాడు, విత్తనం ఎప్పుడు వెయ్యాలో చెబుతాడు. మన పెద్దలకీ ఆకాశం తెలుసు. పిల్లలకోడి చుక్కలు, గొల్లకావిడి, మంచంకోళ్లు, వేగుచుక్క చూసి రాత్రి ఎంతయ్యిందో, వాన ఎంత దూరంలో ఉందో చెప్పేవాళ్లు. కందికొత్త చెయ్యకుండా కొత్త కంది నోట పెట్టకపోవడం, మామిడి కొత్త చెయ్యకుండా కాయ కొయ్యకపోవడం, ఇవన్నీ ఊరంతా కలిసి పెట్టుకున్న కట్టు. కాయ ముదిరేదాకా, గింజ పండేదాకా ఆగడం అందులో ఉంది. ఊరంతటికీ ఒకే రోజు. నీకు మంచి, నీ పక్కింటి పిల్లకి చెడు అని విడదీసేది కాదు.

అలాగని మనవాళ్లు ఏం చేసినా ఒప్పేననడం లేదు. జ్వరంతో ఉన్న పిల్లని మూడు రోజులు ఎజ్జోడి దగ్గర ఉంచి, మలేరియా ముదిరాక పీహెచ్‌సీకి తెచ్చిన సంగతులు మాకు తెలుసు. అప్పుడు ఎజ్జోడితో పోట్లాడాం. అమ్మాయి మీద చిల్లంగి అని ముద్ర వేస్తే దానితోనూ పోట్లాడాలి. ఎజ్జోడి అడ్డంకిని తీసేసి ఆ జాగాలో సిద్ధాంతి గారి అడ్డంకిని పెట్టుకోవడానికి కాదు కదా చదువుకున్నది. మన ముసలమ్మ చెబితే మూఢనమ్మకం, ప్యాంటు వేసుకున్నాయన కంప్యూటర్ ముందు కూర్చుని చెబితే శాస్త్రమా?

1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు లోకం మునిగిపోతుందని అందరూ వణికారు. విజయనగరంలో ఉన్న గురజాడ అప్పారావు ఆ ఏడే ముత్యాల సరములు రాసి, ఆ చుక్క కీడు తేదని, సంఘం మారడానికి గుర్తుగా చూడవచ్చని చెప్పారు. నూరేళ్లు దాటాయి. ఆ పక్క కొండల్లో మనం చుక్కల్ని చూసి వణకడం కొత్తగా నేర్చుకుంటున్నాం.

మాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది వేరే ఉంది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్‌లో గిరిజన సంఘం సభకి వెళ్తున్నవాళ్ల మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ రోజు మంగళవారం. జాతకం చెప్పేవాణ్ణి అడిగితే మంగళవారం ప్రయాణం మంచిది కాదంటాడు, కుజుడంటాడు. మంగన్నని చంపింది మంగళవారం కాదు. తుపాకీ పట్టినవాడికి పేరుంది, ఆ తుపాకీ వెనక భూమి ఉంది, అప్పు ఉంది, తూకం ఉంది. గ్రహాల మీదికి చూపు తిప్పితే ఆ పేర్లు చెరిగిపోతాయి. 1/70 చట్టం ఉన్నా మన భూమి ఎవరి చేతిలో ఉందో అడగాల్సిన కుర్రాడు, నాకు శని ఎప్పుడు వదులుతాడు అని అడుగుతుంటే ఎవరికి లాభం?

పెళ్లికి పొంతన చూడొద్దా అంటే, చూడండి. చూడాల్సింది ఇంకోటి ఉంది. సికిల్ సెల్. మలేరియా ఎక్కువగా ఉండే కొండల్లో ఈ రక్తపు లక్షణం తరతరాలుగా వస్తోంది. దేశమంతటా ఆదివాసుల్లో ఇది ఎక్కువ, మన కొండల్లోనూ ఉంది. లక్షణం మోస్తున్న మనిషికి చాలావరకు ఏమీ తెలియదు, ఆరోగ్యంగానే ఉంటాడు. అబ్బాయికీ అమ్మాయికీ ఇద్దరికీ లక్షణం ఉంటే మాత్రం, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. జబ్బు వచ్చిన బిడ్డకి ఒళ్లంతా నొప్పులు, రక్తం తక్కువవడం, మాటిమాటికీ జ్వరాలు. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది. 17 రాష్ట్రాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్ష చెయ్యాలన్నది లక్ష్యం. పరీక్ష అయ్యాక రంగు కార్డు ఇస్తారు. అబ్బాయి కార్డు, అమ్మాయి కార్డు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు.

ఇది కూడా పొంతనే. అయితే ఎవరినీ దోషి అనదు. పిల్ల ఒక్కదాన్నే అడగదు, అబ్బాయినీ అడుగుతుంది. ఏ గంటకి పుట్టావని అడగదు, ఏ వర్ణమని అడగదు. శాంతి చేయించమనదు, డబ్బు అడగదు. వేలి నుంచి ఒక చుక్క రక్తం చాలు. ఇద్దరికీ లక్షణం ఉన్నా పెళ్లి మానెయ్యమని చెప్పడం దాని పని కాదు. పిల్లల విషయంలో డాక్టరుతో మాట్లాడి ఏం చెయ్యాలో తెలుసుకోమంటుంది. ఇంత అవసరమైన కార్డుని అడక్కుండా, మేం ఊహించి రాసిన తేదీని అడుగుతున్నాం. పెళ్లిచూపులకి వచ్చినవాళ్లు మార్కుల లిస్టు జిరాక్స్ అడిగితే, మన ఆడపిల్లలు ముందు ఆ కార్డు అడగండి.

మాస్టార్లకి ఒక మాట. ఇప్పుడు కాన్పులు ఆస్పత్రుల్లో అవుతున్నాయి, సరైన తేదీతో బర్త్ సర్టిఫికెట్ వస్తోంది. అది టీకాలకి, హక్కులకి, బడికి పనికొచ్చే కాగితం. రేపు దాన్ని కూడా ఆ బల్ల మీదికే పట్టుకెళ్తారు. సరైన తేదీ ఉంది కదా, ఇప్పుడైనా జాతకం నిజమవుతుందని అంటారు. నార్లీకర్ పరీక్షని అప్పుడు గుర్తుచెయ్యండి. పాత పిల్లల విషయంలో మాత్రం మనం చెయ్యాల్సింది వేరే ఉంది. ఆ తేదీ మనమే వేశామని నోరు విప్పి చెప్పాలి. ఉద్యోగానికి, పింఛనుకి ఆ తేదీ ఉండనివ్వండి, రికార్డు దిద్దమని మేం చెప్పడం లేదు. పెళ్లి మాటలప్పుడు ఎవరైనా వచ్చి అడిగితే దాచొద్దు.

మేం చెప్పాం. ఆ అబ్బాయి ఇంటికి ఇద్దరం వెళ్లి, అది మేం రాసిన తేదీ అనీ, అమ్మాయి ఆ రోజు పుట్టలేదనీ చెప్పాం. అబ్బాయి తండ్రి మర్యాదగా కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. అంతా విన్నాడు. "గవర్నమెంటు సీలు ఉంది కదా మాస్టారూ, అబద్ధం ఎలాగవుతాది?" అన్నాడు. మా సీలే మా మాటని ఓడించింది. అబ్బాయి తలవంచుకుని కూర్చున్నాడు. ఆ సంబంధం తిరిగి రాలేదు.

తిరిగి వచ్చి ఆ తల్లితో, దోషం అంటే జబ్బు కాదనీ, ఏ ఆస్పత్రీ అక్కర్లేదనీ, అది మా పెన్ను వల్ల వచ్చిందనీ చెప్పాం. ఆమె తిట్టలేదు. అమ్మాయిని సికిల్ సెల్ పరీక్షకి తీసుకెళ్లమని చెబితే ఆ వారమే తీసుకెళ్లింది. మొన్న సంతలో కనిపిస్తే, నిజంగా ఎప్పుడు పుట్టిందమ్మా మీ పాప అని అడిగాం. బళ్లో చేర్చుకున్నప్పుడు కూడా అడిగే ఉంటాం, వినలేదు. అడ్డాకుల కట్ట దించి, ఆలోచించి చెప్పింది. "సలికాలం బాబూ. కందికొత్తలకి ముందు. తెల్లారి లేసి సూస్తే వాకిట్లో మంచు. పెద్దోడు అప్పటికి నడుస్తన్నాడు."